అర్హత పొందిన గరిక

క్వార్టరు మంజూరైందన్న కబురు వచ్చేసరికి మృణాళిని మోచేతుల దాకా పేడ ఎరువులో ఉంది. గెడ్డపాలెం పురపాలక సంఘం వారి నర్సరీలో బంతి నారుమళ్ళకు ఎరువు కలుపుతోంది. బాటనీలో ఎమ్మెస్సీ చదివి ఉద్యానవన విభాగంలో చేరినందుకు ఆమెకు దక్కిన భాగ్యం అది. కబురు తెచ్చిన మాలి పైడమ్మకు మాత్రం తొందరేమీ లేదు. తలమీది తట్ట దించి, చుట్టకుదురు విప్పి దాంతోనే ముఖం తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"అమ్మా, నీకు ఇల్లు ఇచ్చేసినారట. సూపర్నెంటు బాబు సంతకం కూడా ఎట్టేసినాడు. ఇంక మీ ఇంటామె వడియాల బుట్ట మీ మంచం మీంచి మొయ్యక్కర్లేదు."

మృణాళిని ఎరువు చేతులతోనే పైడమ్మను కౌగలించుకుంది.

"ఇదేటమ్మా, నాను తానం సేసొచ్చినాను," అంది పైడమ్మ. "పట్టుకుంటే మీ ఆయన్ని పట్టుకో గాని, నన్నేటి."

ఆ సంతోషానికి కారణం ఉంది. పెళ్ళై మూడు నెలలైనా మృణాళిని, దివాకర్ ఇంకా ఒక అద్దెగదిలోనే కాపురం ఉంటున్నారు. ఆ ఇంట్లో మేడ మీదకు మెట్లు వాళ్ళ గదిలోంచే ఉన్నాయి. ఇంటామె వడియాలు పెట్టాలన్నా, ఎండిన మిరపకాయలు ఎత్తాలన్నా కొత్త దంపతుల మంచం పక్కనుంచి వెళ్ళాల్సిందే. తలుపు కొట్టి రావాలని ఆవిడకు తెలియక కాదు. బుట్ట మోయడానికే రెండు చేతులూ సరిపోయేవి, కొట్టడానికి మూడో చెయ్యి లేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే దివాకర్ ఈ మూడు నెలల్లో భార్యతో మనసు విప్పి మాట్లాడిన మాటలన్నీ బస్టాండు ఎదుటి కూల్‌డ్రింక్ షాపులో మాట్లాడినవే.

క్వార్టరు చిన్నది. వానొస్తే వంటింట్లో ఒకచోట, హాల్లో రెండు చోట్ల కారుతుంది. అయితేనేం, దానికి తలుపుంది, తలుపుకు గడియ ఉంది. సామాను దించిన సాయంత్రం దివాకర్ ఆ గడియను వేసి, తీసి, మళ్ళీ వేసి చూసి, ఏదో ప్రయోగం విజయవంతమైనట్టు తల ఊపాడు. గుమ్మం ముందు రెండు చాపలంత మేర గరిక పరుచుకుని ఉంది. పొద్దున్నే చెప్పులు విడిచి ఆ గడ్డి మీద నిలబడి ఇద్దరూ కాఫీ తాగేవారు. పాదాల కింద మంచు చల్లగా తగిలినప్పుడల్లా మృణాళినికి తన జీవితంలో ఇంకేమీ అక్కర్లేదనిపించేది. పక్కనే ఇనుప తీగల కంచె, కంచె అవతల కమిషనర్ పద్మనాభం గారి బంగళా.

ఇలా వాళ్ళు సుఖంగా ఉండగా పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన అస్తిత్వానికి ప్రతీకగా ఒక మొక్కను అధికారికంగా ప్రకటించుకోవాలని, దాని శారీరక లక్షణాలు నిర్ధారించి పంపాలని దాని సారాంశం. గెడ్డపాలెం వారు దాన్ని చదివేసరికి చుట్టుపక్కల ఊళ్ళు మామిడిని, జీడిమామిడిని, తాటిని, పనసను, చివరికి కనకాంబరాన్ని కూడా పట్టుకుపోయాయి. మిగిలింది గడ్డి. అందులో ఊరంతా కనిపించేది గరిక.

పద్మనాభం గారు సమావేశం పెట్టారు. "గరిక అల్పమైనదని ఎవరూ భావించరాదు," అన్నారాయన. "సామాన్య ప్రజానీకానికి అత్యంత సన్నిహితంగా ఉండే వృక్షజాతిగా దాన్ని మనం సముచితంగా గుర్తిస్తున్నాం. మృణాళిని గారూ, లక్షణాలు చెప్పండి. వీరభద్రం గారు రాసుకుంటారు."

సూపరింటెండెంట్ వీరభద్రం గారు అంతకుముందు చాలా ఏళ్ళు కానిస్టేబుళ్ళ ఎంపిక విభాగంలో పనిచేసి వచ్చారు. శారీరక లక్షణాలంటే ఆయనకు తెలిసినంతగా జిల్లాలో మరెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"ఎత్తు?" అన్నారు కలం తెరిచి.

"నేల మీద పాకుతుందండీ. పాకినప్పుడు రెండంగుళాలు ఉంటుంది. పువ్వు కాడ లేస్తే జానెడు దాకా ఉంటుంది."

"పాకడం కుదరదమ్మా. కొలతలు తీసేటప్పుడు అభ్యర్థి నిటారుగా నిలబడాలి. జానెడు అని రాస్తున్నా. ఛాతీ?"

"గడ్డికి ఛాతీ ఉండదండీ."

"ఛాతీ లేకుండా ఎంపిక ఉండదు. మామూలుగా ఎంత, గాలి పీల్చాక ఎంత, రెండూ కావాలి."

క్వార్టరు వచ్చిన ఆనందంలో మృణాళినికి ఆ రోజుల్లో ఎవరినీ నిరాశపరచబుద్ధి అయ్యేది కాదు. ఆలోచించి చెప్పింది. "ఎండ ముదిరితే ఆకు మధ్యకు ముడుచుకుంటుందండీ. పొద్దున్న మంచుకి మళ్ళీ విచ్చుకుంటుంది."

"అదే ఛాతీ," అన్నారు వీరభద్రం గారు తృప్తిగా. "గుర్తించదగిన పుట్టుమచ్చలు?"

"ఆకు కాడను అంటుకునే చోట తెల్లని నూగు ఉంటుంది."

"ఒకటి. రెండోది?"

"కణుపు కణుపుకీ వేళ్ళు దిగుతాయి. దాన్ని రాసుకోండి."

"రాశాను. చేతికి వేళ్ళు?"

ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. "కొసన సన్నని వెన్నులుంటాయండీ, అరచెయ్యి విప్పినట్టు. కొన్నిటికి మూడు, కొన్నిటికి ఏడు."

"మూడు వేళ్ళవాడు వికలాంగుల కోటాలోకి వస్తాడు. ఏడు వేళ్ళవాణ్ణి నేనింతవరకు తీసుకోలేదు," అన్నారు వీరభద్రం గారు. "ఐదు."

పద్మనాభం గారికి ఒక సందేహం మిగిలింది. "ఇది ఒక్క ఏడాది ఉండి పోయే రకమా?"

"కాదు సార్. బహువార్షికం. పైన ఎండిపోయినా భూమిలో కాడ చావదు. చినుకు పడితే మళ్ళీ లేస్తుంది. దీన్ని తీసేయడం ఎవరి వల్లా కాదు."

"అంటే పర్మనెంటు," అన్నారు పద్మనాభం గారు. ఆయన గొంతులో గౌరవం ధ్వనించింది. సమావేశంలో కాంట్రాక్టు ఉద్యోగులు ఇద్దరు తల దించుకున్నారు.

రాసుకున్న లక్షణాలన్నీ ఉన్న ఒక్క గరికను తేల్చడానికి ఎంపిక హైస్కూలు మైదానంలో జరిగింది. పురజనులు తమ ఇళ్ళముందు, పొలంగట్ల మీద మొలిచిన గరికను వేర్లతో సహా కుండీల్లో, బకెట్లలో తెచ్చి వరుస కట్టారు. వీరభద్రం గారు స్కేలు పట్టుకుని ఒక్కొక్క దాన్నీ పరీక్షించారు. కొన్ని నిలబడలేదు. నిలబడినవాటికి నాలుగు వేళ్ళున్నాయి. ఐదు వేళ్ళున్నవి ఎండకు ముడుచుకుని మళ్ళీ విచ్చుకోలేదు, ఊపిరితిత్తుల బలహీనత కింద వాటిని తోసేశారు. కుమ్మరివీధి నుంచి వచ్చిన బ్రహ్మాండమైన దుబ్బు ఒకటి అన్నిట్లోనూ నెగ్గింది గాని, చివరి కొలతకు పిలిచేలోగా దాన్ని మేక తినేసింది. అభ్యర్థి గైర్హాజరు అని నమోదైంది.

"ఏటి బాబూ సేస్తన్నారు," అంది పైడమ్మ మైదానం చివర నిలబడి. "గరిక పీకలేక నా నడుం పడిపోనాది ఇన్నాళ్ళూ. ఇప్పుడు కావాలంటే ఒక్కటీ దొరకదేటి మీకు."

"దొరక్కపోవడం కాదు, పైడమ్మా. అర్హత కలిగినది దొరకడం లేదు," అన్నారు వీరభద్రం గారు.

పైకి పంపాల్సిన గడువు దగ్గర పడింది. పద్మనాభం గారి ముఖం ఆకు ముడుచుకున్నట్టు ముడుచుకుపోయింది. ఊరంతా గరిక ఉండి గరిక లేని ఊరుగా గెడ్డపాలెం చరిత్రకెక్కేలా ఉంది. ఆయన్ని చూసి మృణాళిని జాలిపడింది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకు లోకం మీద పుట్టే జాలి చాలా ప్రమాదకరం.

"సార్, మా ఇంటి ముందు కూడా ఒకసారి చూడండి," అంది.

చూశారు. కొళాయి పక్కన, ఎప్పుడూ తడి ఉండే చోట ఒక గరిక జానెడు కాడతో నిటారుగా నిలబడి ఉంది. కొసన సరిగ్గా ఐదు వెన్నులు. తెల్లని నూగు ఉంది, కణుపుల్లో వేళ్ళున్నాయి. వీరభద్రం గారు మంచు వేళ కొలిచి, మళ్ళీ మిట్టమధ్యాహ్నం కొలిచి, స్కేలు చంకలో పెట్టుకుని, పిల్లను చూడ్డానికొచ్చి పిల్ల నచ్చిన పెద్దమనిషిలా నవ్వారు. ఇంట్లో వాళ్ళకెవరికో ఫస్టు ర్యాంకు వచ్చినట్టు మృణాళిని ఆ సాయంత్రం కేసరి చేసి అందరికీ పంచింది. దివాకర్ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మర్నాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి.

మొదట గరిక చుట్టూ తాడు కట్టారు. అధికార హోదాలో ఉన్న మొక్క చుట్టూ కొంత మేర ఎవరూ కాలు మోపరాదని ఆ తాడుకు వేలాడదీసిన అట్టముక్క చెప్పింది. కాఫీలు వంటింట్లోకి మారాయి. తర్వాత దండెం మీద ఆరేసిన చీర నీడ గరిక మీద పడి విధినిర్వహణకు భంగం కలుగుతోందని చెప్పి దండెం తీయించారు. ఆ పైన ఒక హోంగార్డును పెట్టారు. అతను గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పాపం మంచివాడు, దివాకర్ ఇంటికొచ్చినప్పుడల్లా లేచి నిలబడి, "సార్ వచ్చేశారమ్మా" అని లోపలికి వినపడేలా చెప్పేవాడు.

ఊళ్ళో సంగతి ఇంకా బాగుంది. అర్హత పొందినదేదో, పొందనిదేదో జనానికి తెలియదు కాబట్టి ఏ గరికనూ తుంచవద్దని దండోరా వేయించారు. ఆ ఏడు వినాయకచవితికి గెడ్డపాలెంలో పత్రి పూజ గరిక ఫొటో జిరాక్సులతో జరిగింది. గరిక తిన్న ఆవుల యజమానులకు సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి. ఒక యజమాని తన ఆవు అక్షరజ్ఞానం లేనిదని రాసిచ్చి బయటపడ్డాడు.

ఇక ఒకరోజు వీరభద్రం గారే స్వయంగా వచ్చి గుమ్మం బయట, తాడుకు ఇవతల నిలబడ్డారు.

"అమ్మా, అధికారిక విధుల్లో ఉన్నవారి స్థానంలో ప్రైవేటు వ్యక్తులు సంసారం చేయడం నియమావళికి విరుద్ధం. నెలాఖరులోగా క్వార్టరు ఖాళీ చేయవలసి ఉంటుంది."

"నేను కూడా ఉద్యోగినేనండీ," అంది మృణాళిని.

"మీరు ప్రొబేషన్‌లో ఉన్నారమ్మా. గరిక పర్మనెంటు. పైగా సంసారం అంటే మీ ఒక్కరిదీ కాదు కదా," అన్నారాయన ఎంతో మర్యాదగా, దివాకర్ వైపు చూడకుండా.

ఆ సంగతి ఇంటామె దాకా వెళ్ళడానికి ఒక పూట కూడా పట్టలేదు. బజార్లో ఎదురుపడి మృణాళిని చెయ్యి పట్టుకుంది. "మీ గది అలాగే ఉంచానమ్మాయ్. మంచం మాత్రం కాస్త గోడకి జరిపించాను. ఈ ఏడు గుమ్మడి వడియాలు కూడా పెడుతున్నాం, బుట్టకి దారి చాలట్లేదు."

ఇంటికొచ్చి మృణాళిని గడియ వేసుకుని, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే హోంగార్డు లోపలికొచ్చి మంచినీళ్ళిస్తాడు.

"నేనే చూపించాను," అంది. "నోరు మూసుకుని ఉంటే పోయేది."

"నువ్వు నోరు మూసుకుని ఉండటం ఫిజిక్స్‌లో లేదు," అన్నాడు దివాకర్. "పోనీ, రాత్రికి దాన్ని పీకేద్దామా?"

"పీకితే పోతుందా? కింద కాడ ఉంటుంది. మళ్ళీ వస్తుంది. వచ్చేదానికి ఏడు వేళ్ళుంటే మనమీద కేసు." అంటూ ఆగింది. కిటికీలోంచి బయటికి చూసింది. కొళాయి దగ్గరి గరికకు ఒక తీగ పుట్టి, కాస్త తడి కనిపించిన వైపల్లా కణుపు ఆనించి, వేళ్ళు దించి, మళ్ళీ ముందుకు చాస్తోంది. తీగ కొస బంగళా కంచె వైపు ఉంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా. "వాళ్ళు రాసుకున్న లక్షణాల్లో పాకుతుందని లేదు."

"అయితే?"

"అది పాకుతుంది కదా."

దివాకర్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. బయట హోంగార్డు దగ్గాడు.

ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు అన్నీ కంచె పొడుగునా పడ్డాయి. తాడుకు ఇవతలి నుంచి దివాకర్ చెంబుతో నీళ్ళు విసిరేవాడు. ఏ కోణంలో విసిరితే ఎంత దూరం పడుతుందో అతని క్లాసు పిల్లలకు ఆ వారం చక్కగా అర్థమైందని కాలేజీలో చెప్పుకున్నారు. అధికారిక మొక్కకు సేవ చేస్తున్నారని హోంగార్డు మెచ్చుకుని, తన వాటా చెంబు కూడా పోశాడు. పైన భాద్రపదం వానలు. గరిక తీగకు అంతకన్నా ఏం కావాలి. కంచె కిందనుంచి దూరి, బంగళా తోటలోకి దిగి, అక్కడి తడి నేల నచ్చి, కణుపు కణుపుకీ వేళ్ళు దించి, మెట్ల దాకా వెళ్ళి, జానెడు కాడ లేపి, ఐదు వేళ్ళు విప్పి నిలబడింది.

మృణాళిని ఎవరికీ ఏమీ చెప్పలేదు. వీరభద్రం గారు రోజూ కొలతలకు వస్తారు కదా. ఆయనే చూశారు. కంచె దాటి స్కేలుతో వెళ్ళారు. నూగు చూశారు, కణుపులు చూశారు, వేళ్ళు లెక్కపెట్టారు. ఆయన నిజాయితీపరుడు. కొలతలు సరిపోయాక ఎదురుగా ఉన్నది ఎవరి బంగళా అన్నది ఆయనకు పట్టలేదు. మెట్ల చుట్టూ తాడు కట్టించి, కమిషనర్ గారికి నోటీసు ఇచ్చారు.

బంగళాలోంచి కమిషనర్ గారి భార్య చంద్రకళ గారి గొంతు క్వార్టరు దాకా వినిపించింది. "గడ్డికోసం నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటారా? ఈ గడ్డిని మీరే కదా ఉద్యోగంలో పెట్టుకున్నారు. మీరే దానితో కాపురం చేసుకోండి. నేను మా అన్నయ్య దగ్గరికి పోతాను."

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం. పద్మనాభం గారు భోజనం చేసినట్టు లేరు.

"వీరభద్రం గారూ, ఒకే మొక్క రెండు చోట్ల ఎలా ఉంటుంది?"

"అదే నేనూ పరిశీలిస్తున్నాను సార్. మధ్యలో తీగ ఉంది కాబట్టి రెండూ ఒకటే. సదరు ఉద్యోగి ఒకే సమయంలో రెండు స్థానాల్లో హాజరు వేయించుకుంటున్నట్టు తేలుతోంది. అది క్రమశిక్షణారాహిత్యం."

పద్మనాభం గారి ముఖంలో వెలుగు వచ్చింది. "అయితే సస్పెండ్ చేద్దాం."

"సస్పెండైన ఉద్యోగి హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు సార్. ఇక్కడే ఉంటుంది."

"తొలగిద్దాం."

"పర్మనెంటు సార్. విచారణ జరపాలి. దాని వాంగ్మూలం తీసుకోవాలి."

గుమ్మం దగ్గర టీ గ్లాసులు అందిస్తున్న పైడమ్మ మెల్లగా అంది. "మనకి గిట్టనోళ్ళని ఏటి సేస్తారు బాబూ ఈ ఆఫీసులో? బదిలీయే గదా."

ఆ మాటకు పద్మనాభం గారు లేచి నిలబడ్డారు. అంత సరళమైన పరిపాలనా మార్గం తనకెందుకు తట్టలేదని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయారు. అక్కడికక్కడే ఉత్తర్వులు తయారయ్యాయి. గరికను ప్రజాప్రయోజనాల దృష్ట్యా బస్టాండు సర్కిల్ మధ్యనున్న మట్టిదిబ్బకు బదిలీ చేయడమైనది. అక్కడ వేరు పట్టడానికి చట్టప్రకారం రావలసిన జాయినింగ్ టైమ్ ఇవ్వడమైనది. బదిలీ అయిన ఉద్యోగి స్థానంలో మిగిలిపోయే తీగలకు, కణుపులకు హోదా ఏదీ వర్తించదు. క్వార్టరు యథాతథం, బంగళా యథాతథం.

"మర్యాదగా సాగనంపాలి," అన్నారు పద్మనాభం గారు. ఆయన స్వరం మళ్ళీ ఎప్పటి ఎత్తుకు చేరుకుంది. "రేపు ఉదయం పదిగంటలకు క్వార్టరు ఆవరణలో వీడ్కోలు సభ. సిబ్బంది యావన్మందీ హాజరు కావాలి. వీరభద్రం గారు సేవలను కొనియాడతారు. మృణాళిని గారు లక్షణాలను వివరిస్తారు. శాలువా నేను కప్పుతాను."

"శాలువా వెడల్పు ఎంత ఉండాలి సార్, ఛాతీకి?" అన్నారు వీరభద్రం గారు రాసుకుంటూ.

సాయంత్రం మృణాళిని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. హోంగార్డు స్టూలు మడిచి సైకిలుకు కట్టుకుంటున్నాడు. తాడు ఇంకా ఉంది గాని అట్టముక్క తీసేశారు. దివాకర్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది చూసి ఆమె కంగారు పడింది, తర్వాత ఉల్లిపాయలు చూసి నవ్వింది.

"ఉంటున్నాం," అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి దారంతా ఊపిరి దాచుకున్నట్టు చెప్పింది.

కథంతా విన్నాక అతను కత్తిపీట పక్కకు పెట్టాడు. "మరి తవ్వుకుపోతే మన కాఫీ గడ్డి?"

"వాళ్ళు తీసుకెళ్ళేది ఒక్క దుబ్బు. మిగిలినదంతా మనదే. దానికి మూడు వేళ్ళున్నా ఏడు వేళ్ళున్నా ఇంక ఎవడూ కొలవడు."

"రేపు ఎంతమంది వస్తారు మనింటికి?"

"ఆఫీసంతా. పదికి వస్తారు, ప్రసంగాలవుతాయి, శాలువా కప్పుతారు, గరికను జీపెక్కిస్తారు. పదకొండుకి అందరూ దాని వెనకాల బస్టాండుకి పోతారు." మృణాళిని చెయ్యి చాచి అతని చొక్కా గుండీ ఒకటి సరిచేసింది. "నేను పోను. పదకొండు నుంచి సెలవు పెట్టేశాను. మీరు కూడా పెట్టండి. పదకొండుంపావుకి తలుపు గడియ వేసేద్దాం. సాయంత్రం దాకా ఎవరు కొట్టినా తియ్యొద్దు."